గ్రంథాలయములోని కంప్యూటరు, మన స్త్రీల పనులు

మన గుంటూరు, ప్రకాశము సీమలలోని నల్లరేగడి నేల పత్తికిని మిరపకును పుట్టినిల్లు. శరదృతువు ప్రవేశించినది మొదలు వేసవి ముదురువఱకు ఈ పొలములలో స్త్రీల చేతులకు తీరిక యుండదు. పత్తి తీత ముగియకముందే మిరప కోత వచ్చును. కోత ముగియకముందే కల్లములో కాయ యెండబోయుట, తాలుకాయ ఏరుట, తొడిమలు తీయుట వచ్చును. ఈ తొందరలోనే మఱియొక పని కూడ మన వాకిట వచ్చి నిలుచుచున్నది. అది కాగితముల పని. పత్తి అమ్ముకొనుటకు పేరు నమోదు, పిల్లల ఉపకారవేతనమునకు దరఖాస్తు, పరీక్షకు హాల్‌టికెట్టు, పొలమునకు అడంగలు నకలు, ఆధారులో చిరునామా మార్పు, ఇవన్నియు నేడు ఇంటర్నెట్టు మూలమున జరుగుచున్నవి. కచేరి మెట్లెక్కవలసిన యవసరము కొంత తగ్గినమాట నిజమే. కాని యా మెట్లకు బదులుగా మన యెదుట నొక అద్దపు పలక నిలిచినది. దానిమీద ఏ గుర్తును తాకిన ఏ తలుపు తెఱచుకొనునో యెఱిగినవారికే పని జరుగుచున్నది. ఎఱుగనివారు ఇతరుల దయకై వేచియుండవలసివచ్చుచున్నది.

ఈ పనులు చేసికొనుటకు కావలసిన సాఫ్టువేరును ఊరి గ్రంథాలయములోని కంప్యూటరునం దమర్చి, వచ్చినవారి కెల్లరకు ఉచితముగా అందుబాటులో నుంచినచో స్త్రీలకు కలుగు మేలేమి? అందులో జాగ్రత్తపడవలసిన సంగతు లేవి? ఈ రెండును ఇచ్చట విచారింపదలచితిమి.

ముందుగా ఈ సేవలు మనవఱకు ఎట్లు వచ్చినవో చూతము. 2001లో హైదరాబాదు నగరమున ఈ-సేవ కేంద్రములు వెలసినవి. బిల్లులన్నియు ఒక్కచోట కట్టవచ్చుననుట ఆనాడు గొప్ప వింత. 2011లో మీసేవ వచ్చినది. 2015లో మీభూమి ద్వారా అడంగలు, 1-బి పత్రములను ఎవరికి వారే చూచుకొను వీలు కలిగినది. చదువు పత్రములు మొదలైనవి భద్రపఱచుకొనుటకై కేంద్రప్రభుత్వము డిజిలాకరును ప్రారంభించినది కూడ ఆ సంవత్సరముననే. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ, వార్డు సచివాలయములు మొదలైనవి. 2025 జనవరి 30వ తేదీన 161 సేవలతో, వాట్సాప్ మూలమున, మనమిత్ర ప్రారంభమైనది. ఇన్ని ద్వారములుండగా మరల గ్రంథాలయ మెందుకని చదువరులడుగవచ్చును. ద్వారము తెఱచియుండుట వేఱు, అందుగుండ మనము నడచిపోగలుగుట వేఱు. ఈ భేదము తెలియుటకు పత్తి సంగతి యొక్కటి చాలును.

2025-26 సంవత్సరమునకు పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యరకపు పింజకు 7,710 రూపాయలు మద్దతు ధరగా కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. ఈ ధరకు కొనునది సీసీఐ యని జనులు పిలుచు భారత పత్తి సంస్థ. ఆ సంస్థవారు 2025లో కపాస్ కిసాన్ అను యాప్‌ను ప్రవేశపెట్టిరి. రైతు తన పేరు, ఆధారు, భూమి వివరములు, పంట విస్తీర్ణము అందులో నమోదు చేసికొనవలెను. అధికారుల పరిశీలన యైన పిదప, పత్తి తెచ్చు దినమును కూడ అందులోనే ముందుగా నిర్ణయించుకొనవలెను. తేమ నూటికి 12 పాళ్లు మించిన పత్తిని సంస్థవారు కొనరు. కనుక వానకును మంచుకును మెత్తబడిన పత్తిని ఎండబోసి, ఆరినదని చేతితో నలిపి చూచుకొని, సరియైన దినమునకు బండి కట్టవలెను. దినము తప్పినచో ఇంటిలో గుట్టగా పడియున్న పత్తిని వచ్చినవాడు చెప్పిన ధరకే తెగనమ్మవలసివచ్చును. పత్తి తీసినది స్త్రీ. ఎండబోసినది స్త్రీ. బస్తాల కెత్తినది స్త్రీ. పేరు నమోదునాడు మాత్రము ఫోను పట్టుట తెలిసినవాని తీరికకై అరుగుమీద కూర్చుండునది కూడ ఆ స్త్రీయే. కౌలుకు చేయునామె యైనచో, భర్త లేని యామె యైనచో, ఆ నిరీక్షణము మఱింత దీర్ఘము.

2019లో మన రాష్ట్రమున జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఎన్నడైన నొకసారి ఇంటర్నెట్టు ఉపయోగించిన స్త్రీలు నూటికి 21 మంది యని తేలినది. పురుషులు నూటికి 49 మందికి చేరువగా నుండిరి. అప్పటికిని ఇప్పటికిని ఫోనులు పెరిగినవి. అయినను ఫోను ఇంటిలో నుండుట యొక సంగతి, మన చేతిలో నుండుట యొక సంగతి. అనేక గృహములలో ఉన్న ఒక్క మంచి ఫోను ఉదయమున పొలమునకు, సాయంకాలము రచ్చబండకు పోవును. రాత్రి యింటికి వచ్చిన పిదప పిల్లవాని చేతిలో నుండును. ఇల్లాలి వంతు వచ్చునప్పటికి అందులో చార్జి యుండదు.

అందుచేత స్త్రీలు నెట్ సెంటరునకు పోవుదురు. అచ్చట కూర్చుండువారందఱు చెడ్డవారని మే మనము. వేసవి మధ్యాహ్నమున పదిమంది దరఖాస్తులు ఓపికతో పూరించి, పేదవారియొద్ద రుసుము పుచ్చుకొనని యువకులను మే మెఱుగుదుము. కాని యా పద్ధతిలోనే యొక లోపమున్నది. పని జరుగును, మనకు తెలివి రాదు. మా వీధిలోని యొక బాలిక ఉపకారవేతనమునకు దరఖాస్తు పెట్టినపుడు ఆమె తల్లియొద్ద ఫోను లేనందున, వేఱొకరి ఫోను నంబరు వేసి పంపిరి. ఆ యేడు సొమ్ము వచ్చినది. మఱుసటి యేడు దరఖాస్తును తెఱువబోగా, ఓటీపీ యనబడు ఆఱంకెల రహస్య సంఖ్య ఆ నంబరునకే పోయినది. ఆ నంబరుగల మనిషి ఊరు విడిచి పోయినాడు. తల్లి పది దినములు కూలి మానుకొని తిరిగినపిదప గాని నంబరు మారలేదు. పది దినముల మిరపకోత కూలి యెంతయో ఈ సీమలోని చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మఱియొక కష్టము కలదు. ఏండ్ల తరబడి పత్తికాయ ముండ్లలో చేతులు పెట్టినవారికి, మిరప తొడిమలు తీసినవారికి వ్రేళ్ల కొనలందలి గీతలు అరిగిపోవును. వేలిముద్ర యంత్రము వారిని గుర్తింపదు. జీవితమంతయు కష్టపడిన చేతినే యంత్రము కాదనుచున్నది! అట్టివారికి ముఖము చూచి గుర్తించు పద్ధతి యైనను కావలెను, ఫోనునకు వచ్చు ఓటీపీ యైనను కావలెను. కనుక తమ పేర తమ నంబరే నమోదై యుండుట వారికి సొంత యింటి తాళపుచెవి తమ కొంగున నుండుటవంటిది.

ఇక గ్రంథాలయమునకు వత్తము. పుస్తకములుండుచోట దరఖాస్తులేమిటని కొందఱు పెద్దలు ముఖము చిట్లింతురు. మన ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమ చరిత్ర తెలిసినవారు అట్లనరు. 1911లో బెజవాడలో రామమోహన ధర్మపుస్తక భాండాగారము వెలసినది. 1914లో అక్కడనే అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి పూనికచే, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతను, గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము ఏర్పడినది. అది యిప్పుడు బాపట్ల జిల్లాలోనిది, 2022వఱకు ప్రకాశము జిల్లాలోనిది. ఆ నికేతనమునందలి ప్రాచీన పత్రికల సంచికలకై దూరదేశములనుండి పరిశోధకులు వచ్చుచుందురు. 1935లో గుంటూరు సీమయందు పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువమీద పడవలో పుస్తకములు పెట్టి గ్రంథాలయమును నడిపిరి. చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే చదువరియొద్దకు పోవలెనన్నది ఆ పెద్దల మతము. చదువురానివారికి పత్రికలు చదివి వినిపించుట, రాత్రిపాఠశాలలు పెట్టుట వారు తమ పనిలో భాగముగనే యెంచిరి. స్త్రీ విద్యకై 1922లో గుంటూరున శారదానికేతనమును స్థాపించిన ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు, లక్ష్మీనారాయణగారు కూడ ఆ కాలమువారే. అక్షరము రానివానికి పత్రిక వినిపించిన గ్రంథాలయము నేడు అద్దపు పలకను చదువలేనివారికి దారి చూపుట క్రొత్త ధర్మము కాదు. పాత ధర్మమే క్రొత్త రూపమున వచ్చినది.

విదేశములలో ఈ పని ఎన్నడో మొదలైనది. బ్రిటనులో పీపుల్స్ నెట్‌వర్క్ అను పేర, లాటరీనిధి సొమ్ముతో, 2002 ముగియునాటికి దాదాపు పౌర గ్రంథాలయములన్నిటను ఇంటర్నెట్టుతో కూడిన కంప్యూటరులు పెట్టిరి. ఇందులో మనము గమనింపవలసినది యొకటి కలదు. యంత్రములకును తీగలకును 10 కోట్ల పౌనులు కేటాయించి, గ్రంథాలయ సిబ్బందికి శిక్షణ యిచ్చుటకు వేఱుగా 2 కోట్ల పౌనులు కేటాయించిరి. అమెరికాలో వాషింగ్టను విశ్వవిద్యాలయమువారు 2010లో ప్రకటించిన పరిశీలనను బట్టి, అంతకు ముందటి యేడాదిలో 14 ఏండ్లు దాటినవారిలో 7 కోట్ల 70 లక్షలమంది పౌర గ్రంథాలయపు కంప్యూటరునో, అచ్చటి ఇంటర్నెట్టునో వాడుకొనిరి. ఉద్యోగముల దరఖాస్తులకు, ప్రభుత్వ సహాయములకు, ఆరోగ్య విషయములకు వాడినవారు అందులో అనేకులు. మన పొరుగున కేరళములో 2002లో మలప్పురము జిల్లాయందు అక్షయ కేంద్రములు ప్రారంభించినపుడు, ఇంటి కొక్కరికైన కంప్యూటరు వాడుక నేర్పవలెనని సంకల్పించిరి. యునెస్కోవారు 1949లో వెలువరించి, 1994లోను 2022లోను సవరించిన పౌర గ్రంథాలయ ప్రకటన కూడ గ్రంథాలయము ఎల్లరకు భేదములేక తెఱచియుండవలెననియే చెప్పుచున్నది. వీనినుండి నేర్చుకొనవలసిన దేమనగా, యంత్రముకంటె ప్రక్కన కూర్చుండి నేర్పు మనిషి ముఖ్యము.

ఇది మనము చేయిచాచి యడుగు దానము కాదు. 1948 నాటి మద్రాసు పౌరగ్రంథాలయ శాసనము, దాని తరువాత 1960 నాటి ఆంధ్రప్రదేశ్ శాసనము గ్రంథాలయములకు ఆధారము. జిల్లా గ్రంథాలయ సంస్థలు వీనినిబట్టియే నడుచుచున్నవి. మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను చేరియున్నది. పూరిల్లువారును మేడవారును దానిని కట్టుచున్నారు. కట్టిన సొమ్మునకు సేవ యడుగుటలో సంకోచమేల?

అయితే ఏమి యడుగవలెను? కంప్యూటరు కావలెనన్నంతమాత్రమున చాలదు. గుడ్డ కప్పి, దారము చుట్టి, దానిమీద ధూళి పేరుకొనిన యంత్రములను మేము ఒకటి రెండు చోట్ల కన్నులార చూచితిమి. కంప్యూటరునందు ఏ సాఫ్టువేరు ఉన్నదన్నది ముఖ్యము. మొదటిది, తెఱచినవెంటనే తెలుగులో కనబడు ముఖపత్రము. అందు శాఖల పేర్లు గాక పనుల పేర్లుండవలెను. రెవెన్యూ శాఖ యని వ్రాసిన మనకేమి తెలియును? పొలము అడంగలు చూచుటకు, పిల్లల మార్కుల పత్రము తీసికొనుటకు, ఉపకారవేతనమునకు అని పెద్ద అక్షరములతో వ్రాసి, ఒక్కొక్కదాని క్రింద అసలైన ప్రభుత్వపు గూటికే దారి చూపవలెను. సరిగా అట్టి పేరుతోనే మోసపు గూళ్లు కూడ ఉన్నవి. దారి ముందుగా వేసియుంచినచో వానిలో పడు భయముండదు.

రెండవది, తెలుగులో వ్రాయు వీలు. ఇన్‌స్క్రిప్టు అను కీలఫలకపు పద్ధతి కంప్యూటరులందు సాధారణముగా ఉండనే యున్నది, దానిని తెఱచియుంచుటయే కావలసినది. వ్రాయుట రానివారికి నోటితో చెప్పిన మాటను అక్షరములుగా మార్చు సాధనము మేలు. మూడవది, చూపులేనివారికి తెరమీది యక్షరములను చదివి వినిపించు సాఫ్టువేరు. ఎన్.వి.డి.ఎ. అనునది ఆస్ట్రేలియాలో ఇద్దఱు అంధులైన యువకులు రచించి, లోకమునకు వెలలేకుండ నిచ్చినది. తెలుగు కూడ అది పలుకును. నాల్గవది, కాగితమును ఛాయ తీయు స్కానరును, అచ్చువేయు ప్రింటరును. అయిదవది, కపాస్ కిసాన్ వలె ఫోనునందు మాత్రమే నడుచు యాప్‌ల కొఱకు ఒక టాబ్లెట్టు. బ్రౌజరు, వ్రాతపని, చదివి వినిపించు సాధనము, ఇవి యన్నియు వెలలేనివే దొరకుచున్నవి. ఖర్చంతయు యంత్రమునకు, కరెంటు పోయినపుడు నిలబెట్టు బ్యాటరీకి, ఇంటర్నెట్టు కనెక్షనునకు మాత్రమే.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆఱవది. పదిమంది వాడు కంప్యూటరు పదిమంది స్నానమాడు రేవువంటిది. అచ్చట మఱచిన గాజు మఱియొకరి కంట బడును. మనము వ్రాసిన పాస్‌వర్డు, తీసికొనిన ఆధారు నకలు, తెఱచిన ఉత్తరము అందు మిగిలిపోయినచో తరువాత కూర్చుండువారు చూడవచ్చును. అందుకై యంత్రమును ఆపి మరల నడిపినంతనే, నడుమ చేరినదంతయు తుడిచివేసి తొలి స్థితికి తెచ్చు సాఫ్టువేరు కలదు. గ్రంథాలయములో అది తప్పక యుండవలెను. కాని యంత్రము ఆపినపుడే అది పనిచేయును గాన, ఒకరు లేచి మఱియొకరు కూర్చుండు నడుమ దానిని ఆపి నడుపు నియమము కూడ ఉండవలెను.

ఇక మన జాగ్రత్తలు. బ్రౌజరు పాస్‌వర్డును గుర్తుంచుకొనుమందువా యని యడిగినపుడు వలదనవలెను. పని ముగియగానే లాగౌట్ చేయవలెను. కిటికీ మూసినంతమాత్రమున లాగౌట్ కాదు. డౌన్‌లోడు చేసికొనిన కాగితములను అచ్చువేసికొని, కంప్యూటరునుండి తీసివేయవలెను. వాట్సాప్‌ను కంప్యూటరునందు తెఱచినచో, లేచుటకు ముందు మన ఫోనులో లింకు చేసిన పరికరముల జాబితా చూచి, దానిని తొలగింపవలెను. లేనిచో మన ఉత్తరములన్నియు అచ్చట తెఱచియే యుండును. ఆధారు నకలు ఇయ్యవలసివచ్చినపుడు, మొదటి 8 అంకెలు కప్పి చివరి 4 మాత్రము చూపు నకలు దొరకును. అది చాలునన్నచోట దానినే యియ్యవలెను. బ్యాంకు సొమ్ము పనులు మాత్రము సాధ్యమైనంతవఱకు పదిమంది యంత్రముమీద చేయకుండుటయే మేలు.

ఓటీపీ సంగతి చెప్పుటకు మనకు సుందరకాండమే చాలును. అశోకవనమున హనుమంతుడు ఎంత మధురముగా పలికినను సీతమ్మ వెంటనే నమ్మలేదు. సన్న్యాసివేషముతో వచ్చినవానిని నమ్మి యొకసారి చెఱబడినది గదా! రాముని రూపలక్షణములు చెప్పుమన్నది. నరులకును వానరులకును చెలిమి యెట్లు కలిగినదో యడిగినది. ముద్రిక చూచినది. నమ్మకము పూర్తిగా కుదిరిన తరువాతనే తన చూడామణిని విప్పి యిచ్చినది. ఓటీపీ మన చూడామణి. బ్యాంకునుండి యనియు, ఆఫీసునుండి యనియు ఫోను చేసి యడిగినవారికి దాని నియ్యరాదు. గ్రంథాలయమున సహాయము చేయువారికి కూడ చెప్పక, మనమే మన వ్రేళ్లతో వ్రాయవలెను. ఒకవేళ మోసము జరిగి సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 అను నంబరునకు ఫోను చేయవలెను.

సహాయము చేయువారి పద్ధతిగూర్చి రెండు మాటలు. వారు నేర్పవలెను గాని చేసిపెట్టరాదు. కీలఫలకముమీద చేయి స్త్రీదే యుండవలెను. మొదటిసారి అరగంట పట్టిన పని మూడవసారికి అయిదు నిముషములలో ముగియును. మఱియొకటి, ఏ పనికై వచ్చితివని బిగ్గఱగా అడుగరాదు. స్త్రీ తన యింటి ఫోనులో చూడ జంకు సంగతులుండవచ్చును. భర్త కొట్టుచున్నాడని ఫిర్యాదు వ్రాయుట, ఆస్తిలో తన హక్కేమో తెలిసికొనుట, వైద్యవిషయము చదువుట, ఇవి పదిమంది యెదుట చెప్పుకొనునవి కావు. ఆపదలోనున్న స్త్రీలకు 181 అను సహాయపు నంబరు ఉన్నదను కాగితము కూడ ఆ గోడమీద అంటించియుండవలెను. తెర యితరులకు కనబడకుండ గోడవైపు తిప్పి పెట్టుట కాసు ఖర్చు లేని పని.

మా ఊరి శాఖాగ్రంథాలయమున ఆదివారము కొంతసేపు మేము అయిదాఱుగురము కూడుకొని ఒండొరులకు నేర్పుకొనుచున్నాము. మే మందఱము పిన్నిగారని పిలుచు నొక వృద్ధ తన రెండెకరముల పత్తిచేని 1-బి పత్రము చూడగోరినది. జిల్లా, మండలము, గ్రామము వరుసగా ఆమెయే ఎంచుకొని, ఖాతా నంబరు మెల్లగా నొక్కినది. తెరమీద పేరు కనబడినది. "అమ్మాయీ, ఇంకా మీ బాబాయిగారి పేరే ఉన్నదే!" అన్నది. ఆయన పోయి ఏడేండ్లయినది. పేరు మార్పునకు దరఖాస్తు పెట్టవలెనని ఆమెకు చెప్పినవారు లేరు. పొలము తన యధీనముననే యున్నది గదా యని ఆమెయు నిశ్చింతగా నున్నది. ఆ సాయంకాలమే మరణధ్రువపత్రము, కుటుంబసభ్యుల పత్రము ఎక్కడ తీసికొనవలెనో వ్రాసికొని పోయి, ఆ వారములోనే దరఖాస్తు పెట్టినది. ఆమెకు అక్షరములు కూడబలుకుకొనుటయే వచ్చును. తన పేరు లేదని తెలిసికొనుటకు అంతమాత్రము చదువు చాలినది. ఇన్నేండ్లు లేనిదల్లా చూచుటకు ఒక చోటు, ప్రక్కన ఒక తోడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరల వత్తము. సచివాలయమున్నది గదా యందురు. ఉన్నది, మంచిదే. అచ్చట పని చేసిపెట్టుదురు, దరఖాస్తు పుచ్చుకొందురు. ఇచ్చట నేర్చుకొందుము. సచివాలయమునకు పోవునపుడు కూడ ఏ కాగితము కావలెనో, ఏ నంబరు వేయుచున్నారో తెలిసి పోయిన స్త్రీకిని, తెలియక పోయిన స్త్రీకిని భేదమున్నది. అంతేగాక, ఆఫీసులు పనివేళలలో నుండును. ఆ వేళ మనము చేలో నుందుము. గ్రంథాలయము ఉదయమును సాయంకాలమును తెఱచియుండును. కూలినుండి వచ్చి కాళ్లు కడుగుకొని పోగల వేళ అది.

పురుషులు వార్తాపత్రికలు పఱచుకొని కూర్చుండుచోట స్త్రీలెట్లు పోవుదురని యడుగువారును కలరు. వారమున కొకటి రెండు గంటలు స్త్రీలకని ప్రత్యేకింపవచ్చును. ఆ గంటలలో పిల్లలకు బొమ్మల పుస్తకములు ఒక మూల పెట్టినచో, తల్లి కంప్యూటరు ముందు కూర్చుండునప్పుడు బిడ్డ పుస్తకము ముందు కూర్చుండును. ఒకే రాకలో ఇద్దఱును చదువరు లగుదురు. మొదట నలుగురు కలిసి పోయినచో సంకోచము తగ్గును. నాల్గు వారములు పోయినచో మన కుర్చీ మన కుండును.

కనుక సోదరీమణులారా, ఈ సంచిక చదివిన వారములోనే మీ ఊరి గ్రంథాలయమునకు ఒకసారి పోయి మూడు సంగతులు కనుగొనుడు. కంప్యూటరున్నదా, నడుచుచున్నదా? అందు తెలుగులో పని చేయు వీలున్నదా? ఒకరు లేచిన పిదప వారి గుర్తులు తుడుచు ఏర్పాటున్నదా? ఏది లేకున్నను నలుగురి సంతకములతో తెలుగున ఒక అర్జీ వ్రాసి గ్రంథాలయాధికారికిని, జిల్లా గ్రంథాలయ సంస్థకును పంపుడు. చదువుకొనిన స్త్రీలు వారమున కొక గంట ప్రక్కన కూర్చుండి నేర్పుదమని అందులోనే వ్రాయుడు. మీ పేర నమోదైన ప్రతి కాగితమునందును ఎవరి ఫోను నంబరు ఉన్నదో ఒక చీటిమీద వ్రాసి దాచుకొనుడు. మిరపకోత ముగిసి కల్లములు ఖాళీయగు వేళ ఇట్టి పనికి అనువైనది. వచ్చు శరత్తున పత్తి నమోదు మరల వచ్చునప్పటికి, అరుగుమీద ఒకరికై వేచియుండు స్త్రీల సంఖ్య మన ఊళ్లలో కొంతయైన తగ్గవలెనని మా కోరిక.